గుర్రాల ఫారమ్‌లో నడిచే ప్రేమకథ, మిస్టరీ: రహస్యాన్ని గుర్రం ఒంట్లోనే దాచండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1866, అమెరికాలోని కెంటకీ, తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న రేసు గుర్రాల ఫారమ్. యజమాని కూతురు, అమెరికా అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన పక్క ఫారమ్ కుర్రాడు, యుద్ధకాలంలో ఒక రాత్రి లాయంలోంచి మాయమైన పేరున్న మగగుర్రం. తెలుగులో నవల రాస్తున్నారు, ప్రేమ ఒక దారిన, మిస్టరీ ఇంకో దారిన పోతున్నాయి, రెండూ ఎక్కడ కలవాలో తేలడం లేదు, అసలు గుర్రాల గురించి ఎంత తెలిసి ఉండాలి అని. నేను తిరుపతిలో పశువైద్యం చదివాను, చాలా ఏళ్లుగా లెక్సింగ్టన్ చుట్టుపక్కల ఫారమ్‌లలో గుర్రాల కాన్పులు చూసే పనిలో ఉన్నాను, ఇక్కడి పాత రికార్డులు చదవడమంటే ఇష్టం. కాబట్టి సమాధానం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ కథా సారాంశం చదివితే నాకు కనిపించిన అసలు లోపం ప్రేమలో లేదు, మిస్టరీలో లేదు. గుర్రంలో ఉంది. మీ కథలో గుర్రం పోయింది, కానీ దాని బదులు ఒక వజ్రాల హారం పోయినా కథ ఒక్క అక్షరం మారకుండా అలాగే నడుస్తుంది. గుర్రాల ఫారమ్‌లో మిస్టరీ అంటే గుర్రం మాత్రమే దాచగలిగిన రహస్యం, గుర్రం మాత్రమే బయటపెట్టగలిగిన రహస్యం అయి ఉండాలి. అది దొరికితే ప్రేమ దానంతట అదే అందులోకి వచ్చి చేరుతుంది, ఎలాగో చెప్తాను.

ముందు చరిత్ర సంగతి. మీరు ఊహించుకున్న దొంగతనం నిజంగానే జరిగింది, ఒకసారి కాదు. వుడ్‌ఫోర్డ్ కౌంటీలో వుడ్‌బర్న్ అనే ఫారమ్ ఉంది, అప్పటి యజమాని రాబర్ట్ ఎయిచెసన్ అలెగ్జాండర్. పుట్టింది కెంటకీలోనే అయినా స్కాట్లాండ్‌లో పెదనాన్న ఆస్తి సంక్రమించడంతో బ్రిటిష్ పౌరుడిగా ఉండిపోయాడు, యుద్ధం మొదలయ్యాక నేను ఎవరి పక్షమూ కాదని చెప్పడానికి ఫారమ్ మీద బ్రిటిష్ జెండా ఎగరేశాడు. జెండా ఎవర్నీ ఆపలేదు. 1864 అక్టోబరులో గెరిల్లా దండు ఒకటి వచ్చి ఆస్టరాయిడ్ అనే, అప్పటికి ఒక్క రేసు కూడా ఓడిపోని గుర్రాన్ని పట్టుకుపోయింది. పొరుగు ఆసామి వారెన్ వైలీ వాళ్ల వెంట పడి, బేరమాడి, 250 డాలర్లకు విడిపించుకొచ్చాడు. దాని విలువ ఎంతో తెలియాలంటే ఒక్క మాట చాలు: అదే ఏడాది అదే ఫారమ్‌లో, అదే తండ్రికి పుట్టిన నార్ఫోక్ 15,001 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ చివరి ఒక్క డాలరు ఎందుకంటే, వాటి తండ్రి లెక్సింగ్టన్‌ను అలెగ్జాండర్ 1856లో 15,000కు కొన్నాడు, దాని కొడుకును అంతకంటే ఎక్కువకే అమ్ముతానని పంతం పట్టాడు. 1865 ఫిబ్రవరిలో దండు మళ్లీ వచ్చింది. ఈసారి పోయినవాటిలో అబ్దల్లా అనే మగగుర్రం ఉంది, లాయంలో అపురూపంగా పెరిగిన జంతువుని చలిలో రోజుల తరబడి తోలితే ఏమవుతుందో అదే అయింది, చనిపోయింది. ఆ తర్వాత అలెగ్జాండర్ తన గుర్రాలను ఇల్లినాయికి తరలించాడు. అప్పటికే రెండు కళ్లూ పోయిన లెక్సింగ్టన్ కూడా వాటిలో ఉంది.

ఇంకో సంగతి, 1864 జూన్‌లో దక్షిణాది సైన్యాధికారి జాన్ హంట్ మోర్గన్ మనుషులు యాష్‌లాండ్ అనే ఎస్టేట్‌లో జాన్ క్లే గుర్రాలను ఎత్తుకెళ్లారు. మోర్గన్ పెరిగింది లెక్సింగ్టన్ ఊళ్లోనే, అంటే దొంగలు బయటివాళ్లు కాదు, ఏ లాయంలో ఏ గుర్రం ఉందో పేరుతో సహా తెలిసిన ఊరివాళ్లు. మీ కథకు ఇది చాలా ముఖ్యం. ఆ రెండేళ్లలో గుర్రం పోయిందంటే ఎవరూ రెండో ప్రశ్న అడిగేవారు కాదు, గెరిల్లాలు పట్టుకుపోయారంటే చాలు, పాపం అని ఊరుకునేవారు.

సరిగ్గా అక్కడే మీ మిస్టరీ ఉంది. దండు వచ్చింది, నిజమే. కొన్ని గుర్రాలు పోయాయి, అదీ నిజమే. కానీ ఆ పేరున్న మగగుర్రం మాత్రం దండు వచ్చేనాటికే లాయంలో లేదు. అప్పుల కోసం రహస్యంగా అమ్మేశారో, జబ్బుతో చచ్చిపోతే చెప్పకుండా పాతిపెట్టారో, అది మీ ఇష్టం. దాని పేరు చెప్పి చుట్టుపక్కల వాళ్ల దగ్గర దాటింపు రుసుము (ఆడగుర్రాన్ని దానితో కట్టించడానికి ఇచ్చే డబ్బు) ముందే వసూలు చేసి ఉన్నారు, తిరిగి ఇవ్వడానికి డబ్బు లేదు, పరువూ ఒప్పుకోదు, కాబట్టి 1864 వసంతంలో వచ్చిన ఆడగుర్రాలన్నిటినీ రాత్రిపూట వేరే గుర్రంతో దాటించారు. ఆ తర్వాత వచ్చిన దండు వాళ్లకు దేవుడు పంపిన సాకు.

ఇది బయటపడే దారి ఏమిటి? ఇక్కడ నా వృత్తి పనికొస్తుంది. గుర్రాల రంగు విషయంలో కొన్ని నియమాలు అసలు తప్పవు. తల్లీ తండ్రీ ఇద్దరూ చెస్ట్‌నట్, అంటే జూలుతో సహా ఒళ్లంతా రాగి ఎరుపు అయితే, పిల్ల కూడా చెస్ట్‌నటే అవుతుంది, బే పుట్టదు. బే అంటే ఒళ్లు ఎర్రటి గోధుమ, జూలూ తోకా కాళ్ల కిందిభాగమూ నలుపు. ఇద్దరు బేలకు చెస్ట్‌నట్ పుట్టొచ్చు, దాంట్లో అనుమానించాల్సింది లేదు, కొత్త రచయితలు తిరగేసి రాసేది ఇదే. మీకు మరింత పనికొచ్చేది గ్రే, అంటే నెరిసే గుర్రం. గ్రే పిల్ల పుట్టాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకటి గ్రే అయి తీరాలి. పైగా గ్రే పిల్ల పుట్టినప్పుడు తెల్లగా ఉండదు. నల్లగానో, గోధుమరంగులోనో, మిగతా పిల్లల్లాగే పుడుతుంది. పుట్టుబొచ్చు రాలే సమయానికి కళ్ల చుట్టూ నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపిస్తాయి, ఏడాది రెండేళ్లకు మొహం నెరుస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒళ్లంతా పాకుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. గుర్రం చూడి కాలం ఇంచుమించు 340 రోజులు. 1864 ఏప్రిల్‌లో దాటిస్తే 1865 మార్చిలో ఈనుతుంది. బే తండ్రి, బే తల్లి అని పుస్తకంలో రాసి ఉన్న ఆ పిల్ల 1865 శీతాకాలానికి కళ్ల దగ్గర నెరవడం మొదలవుతుంది, మీ కథ నడిచే 1866 వేసవికి దాన్ని ఎవరూ దాచలేరు. ఒక్క పిల్ల కాదు, ఆ వసంతంలో ఆ ఫారమ్‌కు ఆడగుర్రాలను పంపిన ప్రతి ఇంటి దొడ్లోనూ పిల్లలు ఒకటొకటిగా నెరవడం మొదలవుతుంది. అన్నీ నెరవవు, దొంగచాటు తండ్రికి గ్రే రక్తం ఒక వైపు నుంచే వచ్చి ఉంటే పిల్లల్లో సుమారు సగమే నెరుస్తాయి. అది ఇంకా మంచిది, ఎందుకంటే కొన్నాళ్లు అందరూ అది తమ ఒక్కరి ఇంటి వింతే అనుకుంటారు. గ్రే గుర్రం ఆ కాలానికి అసాధ్యమేమీ కాదు, 1839లో లూయివిల్‌లో వాగ్నర్‌తో పోటీపడి రాష్ట్రమంతా చెప్పుకున్న గ్రే ఈగిల్ కెంటకీ గుర్రమే.

ఒక జాగ్రత్త. రంగుకు ఇలాంటి నియమం ఉందని శాస్త్రం ప్రకారం హర్స్ట్ అనే ఆంగ్లేయుడు గుర్రాల వంశావళి పుస్తకాలు తిరగేసి ప్రకటించింది 1906లో. మీ పాత్రల నోట జన్యువుల ఊసు రానివ్వకండి. కానీ వందల పిల్లలను చేతులతో బయటికి లాగినవాడికి ఆ సంగతి 1866లో తెలియదని అనుకోవడం అమాయకత్వం. కళ్ల ముందు జరిగేది కనిపిస్తుంది కదా. కనిపించినవాడు ఎవరు, వాడి మాట ఎవరు వింటారు అన్నదే మీ నవల.

ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్నది. కెంటకీ ఫారమ్‌లలో గుర్రాలను దాటించింది, ఈనించింది, మేపింది, స్వారీ చేసింది, రేసుకు తయారు చేసింది చాలావరకు బానిసలుగా ఉన్న నల్లవాళ్లు. యజమానులు ఆడగుర్రాన్ని ఫారమ్‌లో వదిలి వెళ్లిపోతారు, ఏ గుర్రంతో దాటించారో తెలిసేది లాయం మనుషులకే. ఆస్టరాయిడ్‌ను తీర్చిదిద్దిన శిక్షకుడు ఆన్సెల్ విలియమ్సన్ బానిసగా పుట్టినవాడు, 1875లో మొట్టమొదటి కెంటకీ డెర్బీ గెలిచిన అరిస్టైడిస్‌ను తయారు చేసిందీ ఆయనే. ఆ రేసులో 15 మంది రౌతుల్లో 13 మంది నల్లవాళ్లు. లెక్సింగ్టన్ కుర్రగుర్రంగా ఉన్నప్పుడు దాన్ని తయారు చేసిన హ్యారీ లూయిస్ స్వతంత్రుడైన నల్లజాతి శిక్షకుడు, అయినా తన పేరుతో గుర్రాన్ని పోటీలో నిలబెట్టడానికి అప్పటి నియమాలు ఒప్పుకోలేదు, యజమాని డాక్టర్ వార్‌ఫీల్డ్ పేరుతోనే అది పరిగెత్తింది. వంశావళి పుస్తకంలో గుర్రం ముత్తాత పేరు కూడా దొరుకుతుంది, ఆ గుర్రం పుట్టిన రాత్రి నిద్ర మానుకుని కూర్చున్న మనిషి పేరు దొరకదు. మీ సారాంశంలో సరిగ్గా ఆ మనిషి 'ఒక ముసలి గుర్రాలవాడు' అని పేరు లేకుండా మూడో అధ్యాయంలో చనిపోతున్నాడు. దయచేసి అతణ్ని చంపకండి. మీ మిస్టరీకి ప్రాణమే అతను.

ఎందుకంటే చట్టం మీకు అద్భుతమైన ముడి వేసి పెట్టింది. కెంటకీ రాష్ట్ర కోర్టుల్లో తెల్లవాళ్ల మీద నల్లవాళ్లు సాక్ష్యం చెప్పే హక్కు 1872 దాకా లేదు. యుద్ధం అయిపోయింది, బానిసత్వం పోయింది, అయినా నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి కోర్టు మెట్లెక్కి నోరు విప్పడానికి వీల్లేదు. అంటే మీ నాయికా నాయకులకు పుస్తకం మధ్యకు వచ్చేసరికే నిజం తెలిసిపోవచ్చు, ఏం ఫర్వాలేదు, టెన్షన్ తగ్గదు, పెరుగుతుంది. తెలిసిన నిజాన్ని రుజువు చేయడానికి అతని నోటి బదులు ఇంకేదో కావాలి. నెరుస్తున్న పిల్ల కావాలి, లాడం కావాలి, బొమ్మ కావాలి. లాడం ఎందుకంటే అప్పట్లో ప్రతి కమ్మరీ చేత్తో కొట్టి చేసేవాడు, తను చేసిన లాడం తను గుర్తుపడతాడు, పాతిపెట్టిన చోట బయటపడితే ఆ గుర్రం దండుతో వెళ్లలేదని తెలిసిపోతుంది. బొమ్మ ఎందుకంటే ఆ కాలపు ధనిక ఫారమ్‌లు ఎడ్వర్డ్ ట్రాయ్ లాంటి చిత్రకారులను పిలిపించి గుర్రాల బొమ్మలు వేయించుకునేవి, ట్రాయ్ బొమ్మల్లో కొన్నింటిలో పక్కన శిక్షకుడూ రౌతూ కూడా ఉంటారు. గుర్రం నుదుటి చుక్క, కాలి తెలుపు, అన్నీ బొమ్మలో ఉంటాయి. సుడులు కూడా వాడుకోండి, మన ఊళ్లో ఎద్దులు కొనేవాళ్లు సుడి చూసినట్టే ఇక్కడ ఇప్పటికీ గుర్రం గుర్తింపు పత్రంలో సుడులు ఎక్కడున్నాయో రాస్తారు, అవి జీవితాంతం మారవు. పళ్లు సరే, అయిదేళ్లకు నోరు నిండుతుంది, ఆ తర్వాత పళ్ల మీద గుంటలు అరుగుతూ పోతాయి, ఆ గుంటలను మళ్లీ చెక్కి వయసు తగ్గించి అమ్మే మోసం చాలా పాతది. ఇదొక చిన్న ఉపకథకు సరిపోతుంది, అంతకంటే సాగదీయకండి.

తేదీలు కూడా మీకు కలిసొస్తాయి. 1864 వేసవి నుంచి కెంటకీలో బానిసలు యజమాని అనుమతి లేకుండానే క్యాంప్ నెల్సన్ అనే ఉత్తరాది సైనిక శిబిరానికి పారిపోయి సైన్యంలో చేరవచ్చు, చేరితే స్వేచ్ఛ. మీ లాయం మనిషి ఏప్రిల్‌లో ఆ దాటింపులన్నీ తన చేతుల మీదుగా చేసి, జూన్‌లో వెళ్లిపోతాడు. యజమానికి ఇంతకంటే అనుకూలం ఏముంది, గెరిల్లాల కథ మీద ఎవరికైనా అనుమానం వస్తే రెండో కథ సిద్ధంగా ఉంటుంది, వాడే గుర్రాన్ని తోలుకుపోయి సైన్యానికి అమ్మాడని. 1866లో అతను తిరిగొచ్చేసరికి ఊళ్లో అతను దొంగ. ఎందుకు తిరిగొస్తాడు అంటారా? భార్య కోసం.

ఇక ప్రేమ. మీ నవలలో గొప్ప ప్రేమకథ ఆ భార్యాభర్తలదని నా అభిప్రాయం. బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు, ఎంతకాలం కలిసి బతికినా సరే. సైనికుల వెంట క్యాంప్ నెల్సన్ చేరిన భార్యాపిల్లలను 1864 నవంబరు చలిలో సైన్యమే బయటికి తోలేసింది, వందకు పైగా చనిపోయారు. దేశమంతా గగ్గోలు పుట్టాక 1865 మార్చిలో కాంగ్రెస్ సైనికుల భార్యాపిల్లలకు స్వేచ్ఛ ఇచ్చింది. కెంటకీలో మిగతావాళ్లకు 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా విముక్తి లేదు, లింకన్ విముక్తి ప్రకటన యూనియన్‌లో, అంటే ఉత్తరాది పక్షాన ఉండిపోయిన ఈ రాష్ట్రానికి వర్తించలేదు, చాలామంది రచయితలు ఇక్కడ పొరబడతారు. 1866లో వచ్చిన చట్టంతో ఆ జంటలు కౌంటీ గుమాస్తా దగ్గరికి వెళ్లి మేము భార్యాభర్తలమని చెప్పి రాయించుకోవచ్చు. ఆలోచించండి, కోర్టులో తెల్లవాడి మీద ఒక్క మాట చెప్పనివ్వని మనిషి అదే భవనంలో ఇంకో బల్ల దగ్గర తన పెళ్లి గురించి చెప్తే మాత్రం రాసుకుంటారు. ఆ రెండు సీన్లూ ఒకే రోజున పెట్టి చూడండి.

యజమాని కూతురి ప్రేమకు వద్దాం. ఆమెను వేటగుర్రం ఎక్కి జుట్టు ఎగరేసుకుంటూ తిరిగే అమ్మాయిగా రాశారు. ఆమె చేతికి పుస్తకం ఇవ్వండి. ఫారమ్‌లో ఏ ఆడగుర్రం ఎప్పుడు దాటింది, ఎప్పుడు ఈనింది, పిల్ల రంగేమిటి, ఇవన్నీ రాసే పుస్తకం. యుద్ధంలో అన్నలు పోయారు, నాన్న చెప్తుంటే 1864లో ఆమే రాసింది. ఆ అబద్ధం ఆమె దస్తూరీలో ఉంది. బ్రూస్ సంకలనం చేసిన అమెరికన్ వంశావళి పుస్తకం మొదటి సంపుటి వచ్చింది 1868లో, అంతకుముందు ఒక గుర్రం ఎవరి కొడుకన్నదానికి ఆధారం ఇలాంటి ఇంటి పుస్తకాలూ, ఉత్తరాలూ, పెద్దమనుషుల మాటే. ఇప్పుడు మీ నాయకుడు ఎవరు? రుసుము కట్టి మోసపోయిన పక్క ఫారమ్ కుర్రాడు, వాళ్లకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క పిల్లే, అది నెరుస్తోంది. అతను నిజం వెతుకుతూ ఆమె దగ్గరికి వస్తాడు. అడుగు ముందుకేసిన ప్రతిసారీ ఆమె తండ్రి వైపే వెళ్తాడు. ఇక ప్రేమనూ మిస్టరీనీ మీరు వేరే ముడివేయనక్కర్లేదు.

పెళ్లి విషయంలో కూడా ఆమెకు భయం ఉండాలి. అప్పటి చట్టంలో పెళ్లైతే గుర్రాల్లాంటి చరాస్తి భర్తదైపోతుంది, ముందే విడిగా దస్తావేజు రాయించుకుంటే తప్ప. కెంటకీలో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1894లో వచ్చింది, దానికోసం పోరాడిన జోసెఫిన్ హెన్రీది వుడ్‌ఫోర్డ్ కౌంటీలోనే ఉన్న వర్సేల్స్. కాబట్టి తన సొంత ఆడగుర్రాన్ని ప్రాణంగా చూసుకునే అమ్మాయికి 'నన్ను పెళ్లి చేసుకో' అన్న మాట ఎంత తియ్యగా ఉన్నా బరువుగానే ఉంటుంది. అతను మంచివాడా కాదా అన్నది ఆ దస్తావేజు గురించి ఆమె అడిగినప్పుడు అతని మొహం ఎలా మారిందో దాన్నిబట్టి తేల్చండి.

ఇలాంటి స్త్రీ ఆ రోజుల్లో ఉంటుందా అని ఎవరైనా అంటే యాష్‌లాండ్ చూపించండి. జాన్ క్లే తండ్రి, పేరున్న రాజకీయ నాయకుడు హెన్రీ క్లే మనవళ్లు యుద్ధంలో రెండు వైపులా పోరాడారు, వాళ్లలో యూజీన్ ఎర్విన్ 1863లో విక్స్‌బర్గ్ దగ్గర చనిపోయాడు. అతని భార్య జోసెఫిన్ 1866లో జాన్ క్లేను పెళ్లి చేసుకుంది, అంటే చనిపోయిన భర్తకు మేనమామను, పైన చెప్పిన మోర్గన్ దాడిలో గుర్రాలు పోగొట్టుకున్న ఆయననే. 1887లో ఆయన కూడా పోయాక గుర్రాల ఫారమ్‌ను ఆమే సొంతంగా నడిపింది, నవలలూ రాసింది. మీరు కల్పించుకోబోయే దానికంటే ఇదే సాహసం.

చిన్న చిన్న దిద్దుబాట్లు కొన్ని. మీ కాన్పు సీన్ పట్టపగలు, పదిమంది చుట్టూ ఉండగా జరుగుతోంది. గుర్రాలు ఎక్కువగా రాత్రే ఈనుతాయి, మనిషి అలికిడి ఉంటే ఆపుకోగలవు కూడా. ఒకటి రెండు రోజుల ముందు చన్నుల చివర మైనంలాంటి చుక్కలు గడతాయి, మీ లాయం మనిషి దాన్ని చూసే ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా ఉండిపోతాడు. నీళ్లు పోయాక అరగంటలో పిల్ల బయట పడాలి, గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో ముర్రుపాలు తాగాలి. ఇందులో ఏది ఆలస్యమైనా ప్రమాదమే, సస్పెన్స్ కావాలంటే అక్కడ పెట్టండి. పిల్లల్ని మార్చేసే మలుపు ఒకటి ఆలోచిస్తున్నానన్నారు కదా, అది కుదురుతుంది కానీ తల్లి వాసనతో పసిగడుతుంది. పరాయి పిల్లను దగ్గరికి రానిచ్చేలా చేయడానికి చచ్చిపోయిన సొంత పిల్ల చర్మాన్ని దాని మీద కప్పే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. ఆ పని చేయడానికి ఒక రాత్రి, గుండె ధైర్యం, ఒకరి సాయం కావాలి, ఆ సాయం చేసినవాళ్లు కథలో మళ్లీ కనిపించాలి.

దొంగతనం రాత్రి లాయం నిశ్శబ్దంగా ఉందని రాశారు. తోటి గుర్రాన్ని చీకట్లో బయటికి నడిపిస్తే మిగతావి ఊరుకోవు, సకిలించి గోల చేస్తాయి. ఆ రాత్రి ఆ మగగుర్రం ఉండే లాయంలో ఏ గుర్రమూ అరవలేదని ఎవరో ఒకరు గుర్తుచేసుకోవాలి, అక్కణ్నుంచి ఏదీ బయటికి వెళ్లలేదనడానికి మీ మొదటి ఆధారం అదే కావచ్చు.

వర్ణనలకు సున్నపురాయి నేల, దాన్నిబట్టి తియ్యగా ఉండే నీళ్లు, బంకమట్టి లేకుండా పేర్చిన రాతి ప్రహరీలు, హెంప్ అనే నారపంట పొలాలు, పొగాకు ఆరబెట్టే కొట్టాలు, ఇవి చాలు. వుడ్‌బర్న్ పక్కనే స్ప్రింగ్ స్టేషన్ అని రైలు ఆగే చోటు ఉండేది, ఉత్తరాలూ పుకార్లూ అక్కడి నుంచే దిగించండి. మీ ఫారమ్‌కు మాత్రం కల్పిత పేరే పెట్టండి, అలెగ్జాండర్‌నీ క్లేలనూ పొరుగువాళ్లుగా దూరం నుంచి చూపిస్తే చాలు, వాళ్ల మీద ఈ మోసం మోపడం అన్యాయం.

నేనైతే మొదటి అధ్యాయంలో దండును తీసుకురాను. 1865 శీతాకాలంలో ఆ పిల్ల కంటి పక్కన తెల్ల వెంట్రుక ఒకటి కనిపించగానే యజమాని కూతురు దాన్ని పీకేసి, ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగే చోట మొదలుపెడతాను. కాన్పు అధ్యాయం తిరగరాశాక ఇక్కడే పెట్టండి, ఏ నిమిషానికి ఏం జరగాలో వరసగా చూసి చెప్తాను.